పాటని సరిదిద్దకు, నాయనా

చూలైమేడు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

రేడియో ప్రకటనల పాటల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉత్తరంలో నన్ను "గౌరవనీయులైన మేడమ్ గారికి" అని సంబోధించావు. మీ అమ్మమ్మ వాళ్ళ వ్యాసర్పాడిలో అయినా, నేను పెరిగిన పెరంబూరులో అయినా, తెలుగువాళ్ళ పిల్లలు పక్కింటావిడని పిన్నీ అనే పిలుస్తారు. నువ్వూ అలాగే పిలువు.

ముందు నచ్చింది చెప్తాను. మీ అమ్మమ్మ బియ్యం కడుగుతూ రేడియోలో వచ్చిన పళ్ళపొడి పాట పాడటం, కడుగునీళ్ళు వంచేటప్పుడు చివరి మాట దగ్గర ఆగిపోవడం, నీళ్ళు వంచాక ఆ మాట పూర్తిచెయ్యడం. అక్కడ నేనూ ఆగాను. ఆ రెండు వాక్యాల కోసమే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఆ తర్వాత నువ్వు యూట్యూబులో వెతికి, ఆ పాట అసలు మాటలు తప్పుల్లేకుండా దించి, దాని కింద ఇంకో పదమూడు ప్రకటనల పాటలు వరసగా పెట్టావు. అక్కడినుంచి అమ్మమ్మ మళ్ళీ కనపడలేదు. ఆ పద్నాలుగూ తీసెయ్. చదివేవాళ్ళకి వాళ్ళ పాటలు వాళ్ళకి ఉంటాయి, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. మీ అమ్మమ్మ పాడినది మాత్రం నువ్వు తప్ప ఎవరూ రాయలేరు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా అమ్మ సంగతి ఒకటి ఉంది. మా నాన్న ఐసీఎఫ్‌లో, అంటే 1955లో మొదలైన రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, ఫిట్టరు. అమ్మది నెల్లూరు వైపు పల్లెటూరు. పెళ్ళయి పెరంబూరు వచ్చేదాకా తమిళం ముక్క తెలియదు. గోడ గూట్లో పోస్టాఫీసు లైసెన్సుతో సహా ఒక రేడియో ఉండేది. అమ్మకి తమిళం నేర్పింది అదే, అందులోనూ ఎక్కువగా ప్రకటనలే. వార్తలు ఒకసారి చెప్పి వెళ్ళిపోతాయి. ప్రకటన ఈరోజు వస్తుంది, రేపూ వస్తుంది, అదే గొంతు, అదే మాట. భాష రానివాళ్ళకి అంతకన్నా ఓపికైన పంతులు దొరకడు.

కానీ తమిళ మాట హల్లు మీద ఆగితే అమ్మ నోరు ఒప్పుకునేది కాదు. "పాల్" అని వస్తే "పాలు" అనేది. "పల్" అని వస్తే "పల్లు" అనేది. ప్రతి మాట చివరా ఒక అచ్చు చేరేది. అచ్చు చేరితే ఒక మాత్ర పెరుగుతుంది కదా, అందుకని పాట కొంచెం వెనకబడేది. ఆ వెనకబాటు పూడ్చడానికి చేతిలో ఏది ఉంటే దాని మీద, గిన్నె మీదో చాట మీదో, ఒక దెబ్బ వేసి తర్వాతి పాదం అందుకునేది. మేం ముగ్గురు పిల్లలం దెబ్బతో సహా నేర్చుకున్నాం. బడిలో తమిళ పిల్లల ముందు అలాగే పాడితే అందరూ నవ్వారు. ఆరోజు ఇంటికొచ్చి అమ్మని తప్పుపట్టాను. "నువ్వు పాడేది తప్పు" అన్నాను. చాలా రోజులు అమ్మ నా ముందు పాడలేదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత కోడంబాక్కంలో ఒక స్టూడియోలో ఆ పాట అసలు టేపు విన్నాను. చక్కగా ఉంది. తాళం తప్పలేదు, గొంతు తేనెలా ఉంది. నాకు ఏమీ అనిపించలేదు. గిన్నె మీద దెబ్బ కోసం చెవి ఎదురుచూస్తూనే ఉంది.

అందుకే చెప్తున్నాను, మీ అమ్మమ్మ తప్పు పాడిన మాటని తప్పుగానే రాయి. పక్కన సరైన మాట పెట్టకు.

సంవత్సరాల సంగతి వేరు. అక్కడ ఒక్క పొరపాటు కూడా ఉండకూడదు. అమ్మమ్మ 1957 నుంచీ వివిధ భారతిలో ప్రకటనలు విన్నదని రాశావు. వివిధ భారతి మొదలైంది 1957 అక్టోబరులోనే, కానీ ప్రకటనలు 1967 నవంబరు 1న వచ్చాయి, అదీ ముందు బొంబాయి, పూనా, నాగపూర్‌లో. మద్రాసు వంతు తర్వాత. అంతకుముందు ఆవిడ ప్రకటన విని ఉంటే అది రేడియో సిలోన్‌లోనే అయ్యుండాలి. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలకి చోటు తగ్గిపోతే, వినేవాళ్ళు సముద్రం అవతలి స్టేషన్‌కి ముల్లు తిప్పుకున్నారు. మా ఇంట్లో మధ్యాహ్నం ముల్లు సిలోన్ మీదే ఉండేది. మీనాక్షి పొన్నుదురైగారు తెలుగు పాటలు వేసేవారు. ఆవిడ తెలుగులో ఉన్న ఆ కొత్త యాస అమ్మకి ఎంత ఇష్టమో! "ఈవిడ కూడా నాలాగే వేరే ఊళ్ళో ఉంది" అనేది. మీ అమ్మమ్మ ఏ స్టేషన్ వినేదో అడుగు. జవాబుతో పాటు ఇంకో కథ వస్తుంది.

ఇంకొకటి. చెన్నైకి ఎఫ్ఎం 2003లో వచ్చిందని రాశావు. ప్రైవేటు స్టేషన్లు వచ్చిన మాట నిజమే. దేశంలో మొట్టమొదటి ఎఫ్ఎం ప్రసారం మాత్రం 1977 జులై 23న మన మద్రాసులోనే జరిగింది. స్కూలు వ్యానులో నువ్వు విన్న పట్టుచీరల కొట్టు పాటలు, ఆడి తళ్ళుబడి, అంటే ఆషాఢం తగ్గింపు అమ్మకాల పాటలు బాగా రాశావు. ముఖ్యంగా డ్రైవరన్న ప్రకటన వచ్చినప్పుడే సౌండు పెంచడం.

ప్రకటన పాట ఎలా రాస్తారని అడిగావు కాబట్టి చెప్తాను. నేను రాసింది తక్కువే, ఎనభైల్లో ఓ మూడేళ్ళు. అప్పట్లో తెలుగు ప్రకటనలు చాలావరకు ఇక్కడే తయారయ్యేవి, పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఇక్కడ ఉన్నారు గనక. రేడియోలో కాలాన్ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు. టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు తిరుగుతుంది. పది సెకన్లంటే డెబ్బై అయిదు అంగుళాలు, నా ఎత్తుకన్నా కొంచెం ఎక్కువ. ఇంజనీరుగారు ఒకసారి ఆ ముక్క కోసి నా చేతికిచ్చారు. "ఇంతలో పట్టాలమ్మా" అన్నారు. అప్పటినుంచి వాక్యం రాస్తే దాని పొడుగు చేతిలో తెలుస్తుంది.

ఎక్కువసార్లు హిందీ ట్యూన్ ముందే ఉండేది. దాని మీద తెలుగు కూర్చోబెట్టాలి. ఒక తలనూనె కంపెనీ వాళ్ళు "ఇది మీ జుట్టును నల్లగా ఉంచుతుంది" అని అనువాదం కూడా చేసి పంపారు. ఎవరైనా ఇంట్లో అలా మాట్లాడతారా? తెలుగులో క్రియ చివర వస్తుంది. "ఉంచుతుంది" అనేసరికి నూనె పేరుకి చోటు మిగల్లేదు. నేను రెండు రాత్రులు కూర్చుని "తలకు చల్లన, జడకు నలుపూ" అని రాశాను. క్రియ లేదు. క్రియ లేకుండా వాక్యం నిలబడటం మన భాషకి ఉన్న సుగుణం. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. గురజాడ 1910లో ముత్యాలసరం అనే ఛందస్సుకి పట్టుకున్న నడకే అది, పాడుతున్నప్పుడు గాని నాకు తెలియలేదు. నలుపూ తర్వాత నూనె పేరు హాయిగా కూర్చుంది. స్టూడియోలో అందరూ బాగుందన్నారు. ప్రసారమయ్యింది మాత్రం అనువాదమే. నాకు డబ్బూ రాలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను. ఇప్పటికీ తలంటు పోసుకునేటప్పుడు నా పాదమే నోట్లోకి వస్తుంది.

ఉత్తరం చివర "ఇది సాహిత్యం కాదేమో" అని భయపడ్డావు. ఈ ఊళ్ళో ఉంటూ ఆ భయమేమిటి? కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారు. తలనొప్పి మందు సంపాదించిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిచింది, తర్వాత మద్రాసు వచ్చింది. కేసరిగారు లోధ్ర అనే ఆడవాళ్ళ మందు అమ్మి గృహలక్ష్మి పత్రిక నడిపారు. మందుసీసా, కథ ఒకే ఇంట్లో ఉన్న ఊరు ఇది.

ఇక పని చెప్తాను. ఆదివారం వ్యాసర్పాడి వెళ్ళు. అమ్మమ్మని పాడమని అడగకు, అడిగితే సిగ్గుపడుతుంది, లేకపోతే సరిగ్గా పాడాలని చూస్తుంది. బియ్యం కడిగే వేళకి వంటింట్లో కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు. ఫోను జేబులోనే ఉంచు. పాట ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎంతసేపు వంచిందో, ఆ మాటని మళ్ళీ ఎలా అందుకుందో రాసి నాకు పంపు. పొడుగు ఎంతైనా ఫర్వాలేదు.

మీ పిన్ని