పాచికల బల్ల: కత్తి అలుగును వదిలేయండి, గొడ్డలి కర్రను చూడండి

ప్రశ్న: మేం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో పాత్రలు నడిపే ఆట) 3.5 ఎడిషన్ ఆడుతున్నం. నా ఫైటర్ అయిదో లెవెల్, బలం 16, చేతిల గ్రేట్‌సోర్డ్. ఎదుటోని లాంగ్‌సోర్డ్ మీద మూడుసార్లు సండర్ (ఆయుధాన్ని విరగ్గొట్టే దెబ్బ) గెలిచిన. అయినా కత్తి విరగలే. మా గేమ్ మాస్టర్ (ఆట నడిపేటాయన) తొండి చేస్తుండా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తొండి ఏమీ లేదు. సండర్‌లో రెండు మెట్లున్నాయి. మొదటిది ఎక్కగానే పని అయిపోయిందనుకోవడం మామూలే.

మొదటి మెట్టు పోటీ. ఇద్దరూ డి20 (ఇరవై ముఖాల పాచిక) వేసి ఎటాక్ బోనస్ కలుపుకోవాలి. రెండు చేతుల ఆయుధం పట్టినవాళ్ళకు +4, బాకులాంటి తేలిక ఆయుధానికి -4. బేస్ ఎటాక్ 5, బలానికి 3, గ్రేట్‌సోర్డ్‌కు 4 కలిపి మీకు +12 వస్తుంది. ఇక్కడ గెలవడం మీకు కష్టం కాదు. తిప్పలంతా రెండో మెట్టులోనే. మీ దెబ్బ 2డి6+4, అంటే రెండు ఆరు ముఖాల పాచికల మొత్తానికి 4 కలపాలి. అందులోంచి హార్డ్‌నెస్ (వస్తువు గట్టిదనం) తీసేయాలి, ఉక్కు అలుగుకు అది 10. అంటే రెండు పాచికల మీద కనీసం 7 పడితేనే కత్తికి గీత పడుతుంది, అదీ ఒక్క పాయింటే. లాంగ్‌సోర్డ్‌కు 5 హిట్ పాయింట్లున్నాయి, అవి సున్నాకు చేరితే విరిగినట్టే. ఒక్క దెబ్బకు విరగాలంటే 11 గానీ 12 గానీ పడాలి, 36లో 3 అవకాశాలు. తగిలిన నష్టం కత్తి మీదే నిలిచి ఉంటుంది గనక సగటున మూడు నాలుగు దెబ్బలు పడుతుంది. ఆ నాలుగు దెబ్బలు మనిషి మీదే వేస్తే ఈపాటికి పోరు ముగిసేది.

అదే చేత్తో బాటిల్‌యాక్స్ (గొడ్డలి) మీద కొట్టి చూడండి. దానికున్నది కర్ర పిడి కాబట్టి హార్డ్‌నెస్ 5, హిట్ పాయింట్లు 5. పాచికల మీద 6 పడినా పిడి రెండు ముక్కలు. 36లో 26 అవకాశాలు! బల్లానికి హార్డ్‌నెస్ 5, పాయింట్లు 10, మామూలుగా రెండు దెబ్బలు. ఇనుప పిడి ఉన్న గద జోలికి మాత్రం పోకండి, 10 హార్డ్‌నెస్ మీద 20 పాయింట్లు.

అలుగునే విరగ్గొట్టాలని పట్టుదల ఉంటే పవర్ ఎటాక్ వాడండి. రెండు చేతుల ఆయుధానికి ఎటాక్ బోనస్‌లో వదులుకున్న ప్రతి 1కి దెబ్బలో 2 వస్తుంది. పోటీలో 3 వదులుకుంటే +9 మిగులుతుంది, దెబ్బ 2డి6+10 అవుతుంది. అప్పుడు 5 పడితే చాలు, 36లో 30. ఎదుటివాడిది +1 మాయకత్తి అయితే ఇదీ సరిపోదు. ప్రతి +1కి హార్డ్‌నెస్ 2, పాయింట్లు 10 పెరుగుతాయి కాబట్టి అది 12, 15 అవుతుంది. మీకు ఆరూ ఆరూ పడినా, అంటే 22 దెబ్బ వేసినా, ఒక్కసారికి విరగదు.

ఇంకో రెండు సంగతులు. పొడిచే ఆయుధంతో సండర్ కుదరదు, నరికేదో మోదేదో ఉండాలి. ఇంప్రూవ్డ్ సండర్ అనే ప్రత్యేక నైపుణ్యం లేకుండా దిగితే ఎదుటివాడికి మీ మీద ఒక దెబ్బ ఉచితం. ఆ దెబ్బ తగిలినా మీ సండర్ ఆగదు. డిసార్మ్‌లో (ఆయుధం చేతిలోంచి పడగొట్టడంలో) మాత్రం తగిలిందంటే ప్రయత్నం అక్కడికే సరి.

ప్రశ్న: పాత్‌ఫైండర్ (డీ అండ్ డీ 3.5 నుంచి పుట్టిన ఆట) మొదటి ఎడిషన్ నడిపిస్తున్నా. మా దాంట్లో ఒకడు కనపడ్డ ఆయుధమల్లా విరగ్గొట్టి, తర్వాత కొల్లసొమ్ము ఏదని నన్ను నిలదీస్తడు. నేను వాని కత్తి విరగ్గొడితే మాత్రం అలిగి కూసుంటడు.
– ఒక గేమ్ మాస్టర్, కరీంనగర్

జవాబు: నోటికాడి బుక్క వాడే తన్నేసుకుంటున్నాడు. వాడికి రూల్‌లో ఉన్న ఒక వెసులుబాటు చూపించండి. ఇక్కడ డి20కి మనూవర్ (ఇలాంటి ఎత్తుల) బోనస్ కలిపి ఎదుటివాడి మనూవర్ డిఫెన్స్ అంకెను అందుకోవాలి. ఆయుధం సున్నాకు పడిపోయే దెబ్బ తగిలినా, కొట్టినవాడు కావాలంటే దాన్ని 1 పాయింట్ దగ్గర ఆపేయొచ్చు. అప్పుడది ‘బ్రోకెన్’ స్థితిలో ఉంటుంది: ఎటాక్‌కు, దెబ్బకు -2, క్రిటికల్ (మామూలు కన్నా గట్టి దెబ్బ) 20 మీదే, అదీ రెండింతలే. పోరులో కావలసిన పని ఇంతే కదా. ఆ స్థితిలో దాని విలువ మామూలు విలువలో ముప్పావు వంతే. బాగు చేయిస్తే చాలామంది కమ్మర్లు అసలు ధరలో పదో వంతు తీసుకుంటారు. 15 బంగారు నాణేల లాంగ్‌సోర్డ్‌కు ఒకటిన్నర. మాయ ఆయుధానికి మాత్రం కమ్మరి పనికిరాడు. మెండింగ్ లేదా మేక్ హోల్ మంత్రం కావాలి, వేసేవాడి కాస్టర్ లెవెల్ (మంత్రబలం) ఆ ఆయుధానిదానికి తగ్గకూడదు.

ఇక వాడి కత్తి సంగతి. దొంగలెవరూ అమ్ముకోదగ్గ కత్తిని విరగ్గొట్టరు, గుంజుకుంటారు. కాబట్టి సండర్‌ను కొల్ల మీద ఆశ లేని శత్రువులకే పెట్టండి. మొదటి దెబ్బకు బ్రోకెన్ దగ్గర ఆపి, కత్తి ఒరలో పెట్టి బాకు తీసుకునే ఒక వంతు వాడికివ్వండి. దాన్నే ఊపుతా అంటే ఆ తర్వాత వాడిష్టం.

ప్రశ్న: 2014 నాటి డీ అండ్ డీ అయిదో ఎడిషన్‌లో సండర్ ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లేదండీ. వస్తువుల పట్టికలో ఉక్కుకు ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 19, కర్రకు 15 అని ఉంది. దాన్నే వాడేస్తే కత్తి ఎవరి చేతిలో ఉన్నా ఒకటే అవుతుంది, సేనాపతికీ నిన్న చేరిన బంటుకూ తేడా ఉండదు. డిసార్మ్ ఐచ్ఛిక రూల్‌ను అరువు తెచ్చుకోండి: మీ ఎటాక్, ఎదుటివాడి అథ్లెటిక్స్ లేదా ఆక్రోబాటిక్స్. గెలిస్తే రస్ట్ మాన్‌స్టర్ (ఇనుముకు తుప్పు పట్టించే మృగం) పద్ధతిలో ఆ ఆయుధం దెబ్బకు -1, అది -5కు చేరితే ఆయుధం పోయినట్టే. మాయ ఆయుధాలకు ఇది వర్తించదని ముందే చెప్పేయండి, లేకపోతే కొట్లాట బల్ల మీద కాదు, బల్ల చుట్టూ జరుగుతుంది.

ప్రశ్న: కాకతీయుల నేపథ్యంలో 3.5 ఆట రాస్తున్నా. కోనసముద్రం ఉక్కు కత్తికి అడమాంటైన్ (ఆటలోని అతి గట్టి లోహం) అంకెలు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వద్దు. అడమాంటైన్ 20లోపు హార్డ్‌నెస్‌ను లెక్కచేయదు, రెండు సెషన్లలో మీ ఆటలో కత్తులే మిగలవు. మీ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అందులో కార్బన్ ఎక్కువ. పదును గట్టిగా నిలుస్తుంది, కానీ అలుగు పెళుసు. అంకెల్లోనూ అదే చూపండి: మాస్టర్‌వర్క్ (మేటి పనితనం) కాబట్టి ఎటాక్‌కు +1, హార్డ్‌నెస్ 12, లాంగ్‌సోర్డ్ హిట్ పాయింట్లు 5కు బదులు 3. గీత పడటం కష్టం, పడితే మాత్రం తొందరగా పోతుంది. ధర మాస్టర్‌వర్క్‌దే, మామూలు ధర మీద 300 నాణేలు.