కార్డు దరఖాస్తులో ఏ జీతం రాయాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నా ఆఫర్ లెటర్‌లో ఏడాదికి రూ.14,40,000 అని ఉంది, పే స్లిప్పులో నెలకు గ్రాస్ (కోతలకు ముందు జీతం) రూ.98,000, బ్యాంకులో పడేది రూ.90,600. మొదటిసారి క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేస్తున్నాను. ఆఫీసు కింద బల్ల వేసుకుని కూర్చునే ఏజెంటు ‘పద్దెనిమిది లక్షలని రాయండి మేడమ్, మంచి కార్డు వస్తుంది’ అంటున్నాడు. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో మావారి జీతం కూడా కలపవచ్చు అంటున్నాడు. ఊళ్లో నా పేరున ఉన్న ఇంటికి నెలకు రూ.9,000 అద్దె వస్తుంది. వీటిలో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ గడి పక్కన ఏమని అడిగారో చూడండి. ‘నికర నెలసరి ఆదాయం’ అని ఉంటే రూ.90,600 రాయాలి. ‘స్థూల వార్షికాదాయం’ అని ఉంటే రూ.98,000ను పన్నెండుతో హెచ్చించగా వచ్చే రూ.11,76,000 రాయాలి. ఆఫర్ లెటర్‌లోని రూ.14,40,000 మాత్రం ఏ గడిలోనూ రాయకండి.

ఎందుకంటే అది సీటీసీ (కాస్ట్ టు కంపెనీ), అంటే మిమ్మల్ని ఉద్యోగంలో ఉంచుకోవడానికి కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. మీ మూల వేతనం నెలకు రూ.60,000 అనుకుంటే, కంపెనీ తన వాటాగా భవిష్య నిధికి కట్టే 12 శాతమే ఏడాదికి రూ.86,400 అవుతుంది. గ్రాట్యుటీ కింద 4.81 శాతం చొప్పున మరో రూ.34,632 లెక్క చూపిస్తారు. దానిమీద ఆరోగ్య బీమా ప్రీమియం, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే చేరతాయి. వీటిలో మొదటి మూడూ నెలనెలా మీ చేతికి వచ్చే డబ్బు కాదు. వేరియబుల్ పే కిందటి ఏడాది నిజంగా అంది, ఫారం 16లో (ఏడాది జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రంలో) కనిపిస్తుంటే వార్షికాదాయంలో కలపవచ్చు. ఇంకా అందనిదాన్ని కలపకూడదు. ఇక గ్రాస్‌కూ చేతికొచ్చే జీతానికీ మధ్య ఉన్న రూ.7,400 తేడా మీ పే స్లిప్పు కుడివైపునే కనిపిస్తుంది: భవిష్య నిధికి మీ వాటా రూ.7,200, కర్ణాటక వృత్తి పన్ను రూ.200.

అన్నయ్య చెప్పింది అమెరికాకు సంబంధించినంతవరకు నిజమే. అక్కడ 2013లో నిబంధన మార్చి, 21 ఏళ్లు నిండినవారు తమకు అందుబాటులో ఉండే జీవిత భాగస్వామి ఆదాయాన్ని కూడా చూపే వీలు కల్పించారు. ఇక్కడ దరఖాస్తు అడిగేది మీ సొంత ఆదాయమే, జతచేసే పే స్లిప్పులూ మీవే. కాబట్టి మీవారి జీతం కలపవద్దు. ఆయన కార్డు మీద మీ పేరున యాడ్-ఆన్ కార్డు తీసుకోవచ్చు గానీ, దాని బాకీకి బాధ్యుడు ఆయనే అవుతారు.

అద్దె సంగతి వేరు. ఇల్లు మీ పేరున ఉండి, డబ్బు మీ ఖాతాలో పడుతూ, ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తూ ఉంటే ‘ఇతర ఆదాయం’ గడిలో ధైర్యంగా రాయండి. రిటర్నులో చూపకపోతే రాయకండి, రాసినా దానికి ఆధారం చూపలేరు.

ఇక ఆ ఏజెంటు మాట. దరఖాస్తు చివరి పేజీలో, పైన రాసినదంతా నిజమని, బ్యాంకు దాన్ని సరిచూసుకోవడానికి సమ్మతిస్తున్నానని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని కింద సంతకం మీది, ఏజెంటుది కాదు. పే స్లిప్పు పక్కన పెట్టి చూడగానే అబద్ధం బయటపడుతుంది, దరఖాస్తు తిరస్కరిస్తారు. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది గనుక, అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఆ పద్దెనిమిది లక్షల అంకెను బ్యాంకు నమ్మేయడమే. లేని ఆదాయాన్ని చూసి మూడు లక్షల పరిమితి ఇచ్చారనుకోండి, అదంతా వాడి, కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే, నెలకు 3.5 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద మొదటి నెలలోనే సుమారు రూ.10,500 వడ్డీ పడుతుంది. మదనపల్లె ఇంటి అద్దె దానికే చాలదు. మొదటి కార్డుకు చిన్న పరిమితే మేలు. ఏడాదిపాటు బిల్లు మొత్తం గడువులోగా కడితే పెంచుతామని బ్యాంకే అడుగుతుంది. మీ సమ్మతి లేకుండా పెంచకూడదు కూడా.

ప్రశ్న: నేను కోరమంగళలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. కిందటేడాది ఖాతాలోకి రూ.16 లక్షలు వచ్చాయి. ఊహాత్మక పన్ను పద్ధతిలో (అసలు ఖర్చుల లెక్క చూపకుండా, రాబడిలో కొంత శాతాన్ని లాభంగా చూపే పద్ధతిలో) సగమే లాభంగా చూపి రిటర్ను వేశాను. దరఖాస్తులో ఏ అంకె రాయాలి?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: ఎనిమిది లక్షలు రాయండి. మిగతా సగాన్ని మీరే ఖర్చు కింద ప్రభుత్వానికి చూపించారు గనుక, బ్యాంకుకు దాన్నే ఆదాయమని చెప్పడం కుదరదు. ఫారంలో ‘వార్షిక టర్నోవర్’ అని విడిగా గడి ఉంటే అక్కడ పదహారు లక్షలు రాయవచ్చు. ఆదాయం చాలదన్నారంటే, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని హామీ మీద కార్డు తీసుకోండి. దానికి జీతం పత్రాలు సాధారణంగా అడగరు.