నీ పాస్‌వర్డ్ మాత్రం రాయకు

బంగారుతల్లీ,

శనివారం రాత్రి మీ పన్నెండు సర్వర్లకి ప్రాక్సీ (బయటి ఇంటర్నెట్‌కి దారిచ్చే మధ్యవర్తి) పెట్టే పని నీ ఒక్కదానికే అప్పజెప్పారట, మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. చేరి ఆరు నెలలైనా కాలేదు! ఎంత గర్వంగా అనిపించిందో. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

తేలికైనవి ముందు. ప్రాక్సీ చిరునామా, పోర్టు (స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అయితే మామూలుగా 3128) నెట్‌వర్క్ వాళ్లని మెయిల్లో అడిగి తీసుకో. ఆ చిరునామా పెట్టే హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అన్న పేరు చిన్న అక్షరాల్లోనే రాయి, పెద్ద అక్షరాల్లో ఉంటే కర్ల్ (డౌన్‌లోడ్ చేసే కమాండు) దాన్ని చూడదు. ముట్టుకునే ప్రతి ఫైలుకీ ముందు కాపీ తీసిపెట్టు.

ఎక్స్‌పోర్ట్ కమాండుతో ఆ పేరు పెట్టగానే కర్ల్ పనిచేస్తుంది. ఇల్లలకగానే పండగ కాదమ్మా. అది నువ్వు కమాండ్లు కొడుతున్న ఆ షెల్‌కే. రూట్ (అడ్మిన్) అధికారంతో కమాండ్లు నడిపే సుడో మామూలుగా దాన్ని తుడిచేస్తుంది. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్, లాగినప్పుడు చదివే ప్రొఫైల్ ఫైళ్లు చదవదు. సాఫ్ట్‌వేర్ దించే ఆప్ట్‌కీ డీఎన్‌ఎఫ్‌కీ సొంత ఫైళ్లున్నాయి. కంటైనర్లు నడిపే డాకర్‌కైతే, సర్వీసుల్ని చూసుకునే సిస్టమ్‌డీలో విడిగా చెప్పి, డీమన్-రీలోడ్ చేసి, రీస్టార్ట్ చెయ్యాలి. ప్రాక్సీ లేకుండా నేరుగా వెళ్లాల్సినవి రాసే నో_ప్రాక్సీలో లోకల్‌హోస్ట్, 127.0.0.1, మీ లోపలి డొమైన్ పెట్టు. 10తో మొదలయ్యే చిరునామాలన్నిటికీ కలిపి 10.0.0.0/8 అని రాసేసి ఊరుకోకు, కర్ల్‌కే అది 2022 దాకా అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి.

2003లో హైదరాబాదులో తొమ్మిది లినక్స్ సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఆ రోజు ప్రాక్సీ లాగిన్ అడుగుతోంది, ఎన్నిసార్లు కొట్టినా 407 (లాగిన్ కావాలనే ఎర్రరు). సాయంత్రం ఏడు దాటింది. బస్సు దొరకదేమోనని, ఈటీసీ కింద ప్రొఫైల్.డీలో (ఎవరు లాగినైనా చదివే ఫైళ్ల ఫోల్డరు) ఒక ఫైలు పెట్టి, ప్రాక్సీ చిరునామా ముందు నా సొంత యూజర్‌నేమూ పాస్‌వర్డూ రాసేశాను. పాస్‌వర్డ్‌లోని యాట్ గుర్తుని %40గా మార్చాలని గుర్తుంది. ఆ ఫైలు పర్మిషన్ 644 అని, లాగినైన ప్రతివాళ్లూ చదవగలరని తోచలేదు. చదవక్కర్లేదు కూడా. ఎవరు లాగినైనా అది వాళ్ల ఎన్విరాన్‌మెంటులోకి, అంటే వాళ్ల సెట్టింగుల్లోకి, వచ్చేస్తుంది. వాళ్లేం డౌన్‌లోడ్ చేసినా ప్రాక్సీ లాగులో పడేది నా పేరే.

మూడు వారాలకి పిలిచారు. బల్ల మీద లాగు ప్రింట్లు, రాత్రి రెండు గంటల డౌన్‌లోడ్లు, ప్రతి వరసలోనూ నా పేరు కింద ఎర్ర గీత. నేను కాదన్నాను, ఫైలు తెరిచి చూపించాను. "ఇది రాసింది నువ్వే కదా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. తేలేదాకా సెలవు లేదు, ఊరు వదలొద్దన్నారు. తేలడానికి పదకొండు రోజులు పట్టింది.

నీ బారసాల ఆ పదకొండు రోజుల్లోనే అయిపోయింది. మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆఫీసులో పనుందని చెప్పానంతే, అసలు కారణం అక్కకి ఇప్పటికీ తెలీదు. నిన్ను ఉయ్యాల్లో వేసిన ఫొటో పోస్టులో వస్తే, దాన్ని ఆఫీసు డ్రాయర్లో దాచుకుని రోజూ చూసుకునేవాణ్ణి.

అందుకే కసురుతున్నాననుకున్నా సరే, చెప్తున్నాను. రాత్రి రెండింటికి కళ్లు మూతలు పడుతున్నా, "ఈ ఒక్క రాత్రికే" అని మీ మేనేజరు అన్నా, నీ పాస్‌వర్డ్ ఏ ఫైల్లోనూ రాయకు. ఆ పన్నెండు ఐపీలని పాస్‌వర్డ్ లేకుండా, కావలసిన సైట్ల వరకే వదలమని నెట్‌వర్క్ వాళ్లని రేపే అడుగు. స్క్విడ్‌లో అది నాలుగు వరసల పని. కుదరదంటే సర్వీసు అకౌంటు ఇవ్వమను. ఆ పాస్‌వర్డ్ కూడా ప్రొఫైల్.డీలో వద్దు, రూట్ తప్ప ఎవరూ చదవకుండా 600 పెట్టిన ఫైల్లో ఉండాలి.

శనివారం అన్నం తిని వెళ్లు, ఖాళీ కడుపుతో కూర్చోకు. బారసాల సంగతి అమ్మకి నువ్వు చెప్పకు, పండక్కి వచ్చినప్పుడు నేనే చెప్తాను. ఆ రాత్రి మేలుకునే ఉంటాను. 407 కనబడితే టైము చూసుకోకుండా ఫోన్ చెయ్యి.

మామయ్య