విమర్శ, అనువాదం చేసుకుంటూ బతకవచ్చా? తిరుపతి నుంచి ఒక జవాబు

గే అయిన వ్యక్తి ఆ సంగతి దాచుకోకుండా సాహిత్య విమర్శ, వ్యాసరచన, అనువాదం చేసుకుంటూ బతకగలడా అని మీరు అడిగారు. తిరుపతిలో ఉంటూ ఈ మూడు పనులూ చేస్తున్న గేగా చెబుతున్నాను: బతకవచ్చు, కానీ అన్నం పెట్టేది అనువాదమే.

విమర్శ మన దగ్గర ఏనాడూ కడుపు నింపిన పని కాదు. ఆధునిక తెలుగు విమర్శకు దారి వేసిన 'కవిత్వతత్త్వ విచారము' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి గారు మా చిత్తూరు కట్టమంచివారే. అంతటి వారికీ జీవిక విద్యారంగంలోని ఉద్యోగాలతోనే గడిచింది.

ఈ విషయంలో నేను పదేపదే తలచుకొనేది అమెరికన్ రచయిత రిచర్డ్ హోవర్డ్ (1929–2022) జీవితాన్ని. తాను గే అన్న సంగతి ఆయన దాచుకోలేదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ, ప్యారిస్‌లోని సోర్బాన్‌ విశ్వవిద్యాలయంలోనూ చదువుకొని, కొన్నాళ్లు నిఘంటువుల పనిలో ఉండి, ఆ తర్వాత ఫ్రెంచి నుంచి 150కి పైగా పుస్తకాలను ఇంగ్లీషులోకి తెచ్చారు. రోలాఁ బార్త్, ఆంద్రే జీద్ వంటి ఫ్రెంచి రచయితల రచనలతో పాటు ఫ్రాన్స్ నాయకుడు డిగాల్ యుద్ధకాలపు జ్ఞాపకాలూ వాటిలో ఉన్నాయి. ఆ పని నడుస్తుండగానే 1969లో 41 మంది సమకాలీన అమెరికన్ కవుల మీద పెద్ద విమర్శగ్రంథం వెలువరించారు. మరుసటి ఏడు కవిత్వానికి పులిట్జర్ బహుమతి, 1983లో ఫ్రెంచి కవి బోదిలేర్ కవితల అనువాదానికి అమెరికన్ బుక్ అవార్డు వచ్చాయి. ఒక్కో కవి దగ్గర అంతసేపు నిలబడి చదివే ఓపిక ఆయనకు అనువాదం వల్లనే అబ్బిందని నా గట్టి నమ్మకం.

నా పని అంత గొప్పది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం తమిళ ప్రాంతాలూ కలిసిన ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది కనుక, తమిళంలో రాసిన పాత క్రయపత్రాలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. భాగపంపకాల వేళ వాటిని తెలుగు చేయించుకోవడానికి నా దగ్గరకు వస్తారు. చెక్కుబందీలో, అంటే ఆస్తికి నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరంలో, తూర్పు పడమరలు తారుమారైతే రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి. అందువల్ల ప్రతి పంక్తినీ వేలు పెట్టి చదవడం అలవాటై, కవిత ముందు కూర్చున్నా ఆ అలవాటు నన్ను వదలదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ భయం మనకు తొలగింది గానీ, సంపాదకులందరి మనసులూ ఆ రోజే మారిపోలేదు. 'నాలాంటి గే పాఠకుడు' అన్న మాట తీసేస్తేనే నా వ్యాసం వేస్తామని ఒక పత్రిక నుంచి కబురు వచ్చినప్పుడు, వ్యాసాన్నే వెనక్కి తీసుకున్నాను. దస్తావేజుల మీద వచ్చే రాబడి ఇంటి అద్దెకు సరిపోతుండబట్టే అంత ధైర్యం చేయగలిగాను.

కాబట్టి మీకు తమిళమో కన్నడమో బాగా వస్తే ముందు ఆ పనిలో కుదురుకోండి. పుస్తకానువాదం ఒప్పుకొనేటప్పుడు మాత్రం మీ పేరు అట్ట మీద వేస్తారా, డబ్బు ఎన్ని విడతల్లో ఇస్తారు అన్నవి ఒప్పందంలోనే రాయించుకోండి.