మోకాలి నొప్పి ఉన్నవాళ్లు స్మిత్ మెషిన్‌లో (నిలువు పట్టాల మధ్య రాడ్ బిగించిన జిమ్ మెషిన్) ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి స్క్వాట్ చేయొచ్చా?

చేయొచ్చు. నా ఎడమ మోకాలు దారిలో పడింది దానితోనే.

మాది తిరుపతి. ఏడాదికి ఒకసారైనా అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి కొండకు పోవడం మా ఇంట్లో అలవాటు. మూడేళ్ల కిందట గాలిగోపురం దాకా బాగానే ఎక్కాను గానీ, జింకల పార్కు దాటి మోకాళ్ల పర్వతం మొదలయ్యేసరికి ఎడమ మోకాలు సహకరించలేదు. ప్రతి మెట్టుకూ కుడి కాలే ముందు వేసి, ఎడమ కాలిని దాని పక్కకు లాక్కుంటూ ఎక్కాను. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న మా అమ్మ నాకోసం ఆగి ఆగి నడిచింది. అది నాకు చాలా బాధనిపించింది.

తర్వాత జిమ్‌లో చేరి ఆరు నెలలు మామూలు స్క్వాట్లు చేశాను. ఎత్తే బరువు పెరిగింది, ఎడమ కాలు మాత్రం అలాగే ఉంది. రెండు కాళ్లతో లేచేటప్పుడు బలమున్న కాలు ఎక్కువ మోసేస్తుంది, రెండోది తప్పించుకుంటుంది, అద్దంలో చూసినా తెలియదు. అందుకే ఒక కాలు ముందు పెట్టి చేసేది కావాలి.

స్మిత్ మెషిన్‌లో అది మొదలుపెట్టిన మొదటి రోజే అక్కడి ట్రైనర్ అటొక పది కిలోలు, ఇటొక పది కిలోలు ఎక్కించి, రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టించి, ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లిపోయాడు. మూడోసారి దిగాక మడమ లేచిపోయింది, మోకాలు లోపలికి వాలింది, లేవలేను, రాడ్ తిప్పి కొక్కేనికి తగిలిద్దామంటే అందలేదు, రాడ్ మరీ కిందికి రాకుండా ఆపే స్టాపర్లు పెట్టనే లేదు. పక్కన డంబెల్స్ చేస్తున్న ఒక రిటైర్డ్ పీఈటీ మాస్టారు పరిగెత్తుకొచ్చి రాడ్ పట్టుకున్నారు. "ముందు ఆ ప్లేట్లు తీసెయ్ నాయనా, ఒట్టి రాడ్‌తో చూద్దాం" అన్నారు.

ఆయన మార్చింది పాదాలనే. స్మిత్ మెషిన్‌లో రాడ్ పట్టాల మీద కట్టేసినట్టు పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది, మన ఒంటికి తగ్గట్టు పక్కకు రాదు, కాబట్టి పాదం తప్పు చోట పెడితే ఆ తప్పంతా మోకాలే మోయాలి. ముందు పాదం రాడ్ కంటే కాస్త ముందుకు జరిపించారు. రెండు పాదాల మధ్య రైలు పట్టాల్లాగా తుంటి వెడల్పు ఖాళీ, వెనక కాలు మునివేళ్ల మీద, బరువు ఎక్కువగా ముందు కాలి మడమ మీద. ముందు పాదం దూరం జరిపితే పిరుదుల కండరం ఎక్కువ పనిచేస్తుంది, దగ్గరకు తెస్తే తొడ ముందు భాగం, మోకాలి మీద ఒత్తిడి కూడా. నొప్పి ఉన్నవాళ్లు దూరంగా పెట్టి, నొప్పి రానంత లోతు వరకే దిగండి, స్టాపర్లు అక్కడే పెట్టుకోండి. మొదట బలహీనమైన కాలితో చేయండి, అది ఎనిమిది చేస్తే రెండోదీ ఎనిమిదే.

ఇంకో మాట, సాయంత్రం ఆరు దాటాక మా జిమ్‌లో ఆ మెషిన్ దొరకదు, దొరికినా ఎవరో వదిలేసిన ప్లేట్లు దించుకోవడానికే ఐదు నిమిషాలు. ఎత్తినవాళ్లు దించి పోవాలి కదా! మోకాలు బాగోలేని మనిషి ఇరవై కిలోల ప్లేటు వంగి మోయాలంటే ఎంత కష్టమో వాళ్లు ఆలోచించరు.

మోకాలు వాచినా, నడుస్తుంటే పట్టేసినా ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి. నాకు అలాంటివి లేవు, బలం లేకపోవడమే. నాలుగు నెలలు వారానికి రెండు రోజులు చేశాక మళ్లీ కొండెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర ఒక మెట్టు కుడి కాలితో, ఒక మెట్టు ఎడమ కాలితో ఎక్కాను, అమ్మ చేతిలోని సంచి కూడా నేనే తీసుకున్నాను.