డాబా మీది హైడ్రోపోనిక్ గ్రీన్‌హౌస్‌కు ఏసీ అవసరమా?

హైదరాబాద్‌లో ఇంటి డాబా మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో గ్రీన్‌హౌస్ కట్టి మట్టి లేకుండా లెట్యూస్, తులసి జాతి మొక్కలు, ఆకుకూరలు పెంచాలని మీరు అనుకుంటున్నారు. ఉష్ణోగ్రత, తేమ, పోషకాలు మూడూ తమంతట తామే సర్దుకోవాలని, అందుకు 1.5 టన్నుల ఏసీ సరిపోతుందా అని అడిగారు. దాదాపు అవే కొలతల గ్రీన్‌హౌస్‌ను మా డాబా మీద కొన్నేళ్లుగా నడుపుతున్నాను కాబట్టి సూటిగానే చెబుతాను: ఏసీ కొనకండి. ఆ డబ్బును నీటిని చల్లగా ఉంచడానికీ, కరెంటు పోయినప్పుడు మొక్కలు బతకడానికీ ఖర్చు పెట్టండి.

ఎందుకో లెక్క వేసి చూడండి. 120 చదరపు అడుగులంటే సుమారు 11 చదరపు మీటర్లు. ఏప్రిల్ మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ దాదాపు 1,000 వాట్లు కాబట్టి మీ కప్పు మీద పడేది 11 కిలోవాట్లు. 50 శాతం షేడ్‌నెట్ వేసి, దాని కింద పాలీహౌస్ షీటు కట్టిన తరువాత కూడా నాలుగైదు కిలోవాట్లు లోపలికి వస్తాయి. ఇక బయట 42 డిగ్రీలుండగా లోపల 27 ఉంచాలంటే, ఒంటి పొర షీటు గుండా గోడల నుంచీ కప్పు నుంచీ మరో నాలుగు కిలోవాట్ల దాకా వేడి చొరబడుతుంది. 1.5 టన్నుల ఏసీ తీసివేయగలిగేది సుమారు 5.25 కిలోవాట్లు మాత్రమే. అంటే అది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం చల్లబడదు.

దానికి బదులు ఒక వైపు కూలింగ్ ప్యాడ్, ఎదురు వైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టే పద్ధతి దక్కన్ వేసవికి చక్కగా సరిపోతుంది. గది ఎత్తు 8 అడుగులనుకుంటే లోపలి గాలి 960 ఘనపుటడుగులు. అది నిమిషానికి ఒకసారి పూర్తిగా మారేలా ఫ్యాన్ ఎంచుకోవాలి. నాలుగు అంగుళాల మందం గల ప్యాడ్ నాలుగు చదరపు అడుగులుంటే ఆ గాలికి సరిపోతుంది. గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరై గాలిని చల్లబరచగల కనిష్ఠ స్థాయి, 23 డిగ్రీలకు కాస్త లోపే ఉంటుంది కాబట్టి, ప్యాడ్ నాలుగింట మూడు వంతుల సామర్థ్యంతో పనిచేసినా దాని నుంచి లోపలికి వచ్చే గాలి 27 డిగ్రీలకు దిగుతుంది. ఫ్యాన్ వైపుకు చేరేసరికి ఆ గాలి కొంత వేడెక్కుతుంది కనుక సున్నితమైన మొక్కలను ప్యాడ్ వైపే ఉంచండి. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నవారు మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోవద్దు. అక్కడ 36 డిగ్రీల వేడికి 65 శాతం తేమ తోడైతే తడి బల్బు ఉష్ణోగ్రతే 30 డిగ్రీలుంటుంది. ప్యాడ్ ఎంత మంచిదైనా గాలి అంతకంటే కిందికి దిగదు. అక్కడివారు నీడ, గాలి రాకపోకలు చూసుకుని, వేడిని తట్టుకునే తోటకూర, బచ్చలి వంటివి వేసుకోవడమే తెలివైన పని.

గాలి 32 డిగ్రీలకు చేరినా మొక్క కొంతవరకు ఓర్చుకుంటుంది కానీ వేళ్ల దగ్గరి నీరు వేడెక్కితే ఓర్చుకోదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరేసరికి అది ఏడున్నరకు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే వేళ్లకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, వేరుకుళ్లు తెచ్చే పిథియం కూడా అప్పుడే విజృంభిస్తుంది. అందుచేత వేళ్లు మునిగి ఉండే పోషక ద్రావణాన్ని 24 డిగ్రీలు దాటనివ్వకుండా చూడడమే నా దృష్టిలో వాతావరణ నియంత్రణలో మొదటి పని. 500 లీటర్ల నీటిని ఐదు డిగ్రీలు చల్లబరచడానికి తీసివేయవలసిన వేడి మూడు యూనిట్లకు మించదు. చిన్న వాటర్ చిల్లర్ అందులో సగం కరెంటుతో ఆ పని చేస్తుంది. తొట్టి చుట్టూ థర్మాకోల్ కట్టి, దాన్ని ఎండ తగలని చోట పెడితే చిల్లర్ మీద భారం ఇంకా తగ్గుతుంది.

ఇంటర్నెట్‌లో కనిపించే చిత్రాల్లో ఎక్కువగా ఎన్‌ఎఫ్‌టీ పద్ధతి, అంటే గొట్టాల్లో పలుచని పొరగా ద్రావణం పారే ఏర్పాటు ఉంటుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ మన పరిస్థితులకు నేను దాన్ని సిఫారసు చేయను. మే నెల మధ్యాహ్నం పంపు ఆగిపోతే ఆ గొట్టాల్లోని వేళ్లు గంటలోపే వాడిపోతాయి. పైగా ఎండలో ఉన్న గొట్టం గుండా పారే నీరు ప్రతి చుట్టులోనూ వేడెక్కుతుంది. తొట్టిలో నిలిచిన ద్రావణం మీద థర్మాకోల్ పలకలు తేలుతూ, వాటి రంధ్రాల్లో మొక్కలుండే డీప్ వాటర్ పద్ధతిలో ఎయిర్ పంపు ఆగినా కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. దీనిలో ఒక చిక్కు ఉంది. 20 సెంటీమీటర్ల లోతు నీరు చదరపు మీటరుకు 200 కిలోల బరువు; మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే చర భారం (మనుషులు, సామాన్ల వంటి మారే బరువు) చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. అందువల్ల తొట్టి లోతును 12 సెంటీమీటర్లకు పరిమితం చేసి, ద్రావణం నిల్వ చేసే పెద్ద డ్రమ్మును దూలం మీదో గోడ మీదో వచ్చేలా ఉంచండి. ఇల్లు పాతదైతే ముందు ఇంజనీరుకు చూపించండి. వేసవి చివర్లో వచ్చే ఈదురుగాలులకు ఎగిరిపోకుండా జీఐ పైపుల చట్రాన్ని పిట్టగోడకు బిగించడం తప్పనిసరి. షీటు 200 మైక్రాన్లది, యూవీ నిరోధకం గలది తీసుకోండి.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువైతే పీహెచ్ పదేపదే పైకి పోతుంటుంది కనుక ఆర్‌ఓ నీటిని సగం కలపడమో, వాననీటిని నిల్వ చేసుకోవడమో మేలు. పోషకాలకు ఖరీదైన సీసాలు అక్కరలేదు. ఎరువుల దుకాణంలో దొరికే కాల్షియం నైట్రేట్, 13-0-45 (పొటాషియం నైట్రేట్), 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్), మెగ్నీషియం సల్ఫేట్, చీలేటెడ్ (నీటిలో కరిగే ఉండేలా కట్టిపెట్టిన) సూక్ష్మపోషకాలు చాలు. కాల్షియంను మాత్రం ఫాస్ఫేట్, సల్ఫేట్‌లతో చిక్కగా కలిపితే అడుగున సున్నంలా పేరుకుంటుంది కాబట్టి ఏ, బీ అని రెండు క్యాన్లు విడివిడిగా ఉంచాలి. ఇనుము ఈడీటీఏ అనే చీలేట్ రూపంలో ఉంటే పీహెచ్ 6.5 దాటగానే మొక్కకు అందడం తగ్గుతుంది; డీటీపీఏ రూపం కొంత మెరుగు. లెట్యూస్‌కు ఈసీ (నీటిలో లవణాల గాఢతను చెప్పే విద్యుత్ వాహకత, మిల్లీసీమెన్స్/సెం.మీ.లో) 1.2 నుంచి 1.6 మధ్య, పీహెచ్ 5.8 నుంచి 6.2 మధ్య ఉంచితే సరిపోతుంది.

ఇక ఆటోమేషన్. అందరూ పోషకాలు పోసే పంపులతో మొదలుపెడతారు, ఎందుకంటే ప్రోగ్రాం రాయడంలో సరదా అంతా అక్కడే ఉంది. ఏది ఆగితే మొక్క ముందుగా చనిపోతుందో ఆ వరుసలో మొదలుపెట్టమని నేనంటాను. ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైనుకు కలిపి, రిలేలో (బోర్డు ఆజ్ఞతో పనిచేసే స్విచ్‌లో) నార్మల్లీ క్లోజ్డ్ కొనకు, అంటే ఆజ్ఞ లేనప్పుడు కరెంటు పారే కొనకు, బిగించండి. అప్పుడు అన్నిటినీ నడిపే చిన్న కంట్రోలర్ అయిన ఈఎస్‌పీ32 బోర్డు మొరాయించినా పంపు నడుస్తూనే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు బోర్డుతో సంబంధం లేని చిన్న థర్మోస్టాట్ ఒకటి అదనంగా పెట్టి, 35 డిగ్రీల దగ్గర అది తనంతట తానే ఫ్యాన్ వేసేలా చేయండి. మామూలు వేళల్లో బోర్డు 30 డిగ్రీలకు ఫ్యాన్ వేసి 28కి ఆపితే చాలు; ఆ రెండు డిగ్రీల తేడా లేకపోతే రిలే టకటక కొట్టుకుని త్వరగా పాడవుతుంది. తేమ 80 శాతం దాటితే ప్యాడ్ మోటారు ఆగాలి, ఫ్యాన్ మాత్రం తిరగాలి. వానాకాలమంతా దాదాపు ఇలాగే నడుస్తుంది. సెన్సార్‌ను గాలి ఆడే తెల్లటి పెట్టెలో నీడన ఉంచకపోతే అది గాలిని కాక ఎండను కొలుస్తుంది.

ఇవన్నీ ఒక వేసవి నిలకడగా నడిచిన తరువాతే డోసింగ్ (పంపులతో పోషకాలు, ఆమ్లం పోయించడం) జోలికి వెళ్లండి. వేసవిలో మొక్కలు లవణాలకంటే నీటినే ఎక్కువ తాగుతాయి కాబట్టి ఈసీ తగ్గదు, పెరుగుతుంది. కనుక ముందు ఫ్లోట్ వాల్వుతో నీటి మట్టం సరిచేసి, తరువాత ఈసీ చూసి, చివరగా ఆమ్లంతో పీహెచ్ దిద్దాలి. ఏ, బీ ద్రావణాలను కొద్దికొద్దిగా సమానంగా వదిలి, పావుగంట కలియనిచ్చి మళ్లీ కొలిచేలా ప్రోగ్రాం రాయండి. రోజుకు ఇన్ని మిల్లీలీటర్లకు మించి పోయకూడదన్న హద్దు తప్పక పెట్టండి. లేకపోతే ప్రోబ్ ఒకటి తప్పు చూపిందంటే ఒక్క రాత్రిలో క్యాను ఆమ్లమంతా తొట్టిలోకి పోతుంది. ఈసీ, పీహెచ్ ప్రోబులు ఒకే తొట్టిలో ఉంటే ఒకదాని విద్యుత్తు మరొకదాని కొలతను చెడగొడుతుంది కాబట్టి ఐసొలేషన్ ఉన్న, అంటే రెండింటి కరెంటునూ విడదీసే, బోర్డులు వాడండి. ఈఎస్‌పీ32లో వైఫై నడుస్తున్నప్పుడు సెన్సార్ల వోల్టేజీని చదివే కాళ్లలో ఏడీసీ2 వర్గానివి పనిచేయవు. ఆ కొలత కోసం విడిగా ఏడీఎస్1115 చిప్ పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు. పీహెచ్ ప్రోబును 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) క్రమం తప్పకుండా సరిచూసుకోవాలి. ఈ ఒక్క పనిని ఏ ఆటోమేషన్ కూడా మీకు తప్పించదు.

నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉంటాయి కాబట్టి మొత్తం లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించిన తరువాతే మొదటి పంపు స్విచ్ వేయండి.