విజయవాడ దాకా సైకిల్ మీద వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మడికి,

మామయ్య దీవించి రాయునది. తలసీమియా అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లల కోసం మీ ఆఫీసు వాళ్లంతా హైదరాబాదు నుంచి విజయవాడకు సైకిళ్ల మీద వెళ్తున్నారనీ, జట్టును నడిపే పని నీకే అప్పగించారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద తొక్కినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ముందు డబ్బు సంగతి. మీరు తొక్కేదే దానికోసం.

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే చందాలు రావు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగండి, ఆ డబ్బు దేనికి వాడతారో విడమరిచి చెప్పండి. జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా ఏళ్ల తరబడి మందులు వాడాలి. రక్తం సంగతి అందరికీ తెలుసు, ఈ మందుల సంగతి చాలామందికి తెలియదు. డబ్బు ఇవ్వలేనివాళ్లను రక్తం ఇమ్మని అడుగు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మీ జట్టువాళ్లు మాత్రం ప్రయాణం అయ్యాకే ఇవ్వండి. బయల్దేరబోయే ముందు ఇస్తే తొక్కేటప్పుడు ఆయాసం వస్తుంది.

డబ్బు నేరుగా ఆ పిల్లల కోసం పనిచేసే సంస్థ ఖాతాలోనే పడాలి. నీ ఫోన్‌పేలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకు. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలా ఇచ్చినా రాదు. ఈ మాట ముందే చెప్పు. అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. జెర్సీలు, లాడ్జి, వెనక వచ్చే వ్యాను డీజిలు, అన్నీ మీ జేబుల్లోంచే పెట్టుకోండి. పిల్లల పేరు చెప్పి తెచ్చిన దాంట్లోంచి టీ ఖర్చు కూడా పోకూడదు.

ఇక రోడ్డు. 270 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు రోజులు పెట్టుకోండి. ఇంచుమించు సగం దూరంలో సూర్యాపేట వస్తుంది, రాత్రికి అక్కడ ఆగండి. హైదరాబాదు 500 మీటర్ల పైన ఎత్తులో ఉంది, విజయవాడ దాదాపు సముద్రమట్టానికే ఉంది, దారంతా పల్లమేగా అని మీవాళ్లు ఎవరో ఒకరు అంటారు. నమ్మొద్దు. అంత దూరంలో ఆ పల్లం కాళ్లకు తెలియనే తెలియదు. తెలిసేవల్లా ఫ్లైఓవర్ల ఎక్కుళ్లే. సంక్రాంతి ముందు వారం మాత్రం అస్సలు వద్దు. ఊళ్లకు వెళ్లే కార్లతో పంతంగి టోల్‌గేటు దగ్గరే ఊపిరాడదు.

పొద్దున మీరు వెళ్లేది ఎండకు ఎదురుగా. మీ కళ్లలో పడే ఎండే వెనక వచ్చే లారీ డ్రైవరు కళ్లలోనూ పడుతుంది, మీరు అతనికి సరిగా కనిపించరు. అందుకే పట్టపగలైనా ప్రతి సైకిలుకూ వెనక ఎర్రలైటు మిణుకుతూ ఉండాల్సిందే. పొగమంచు పట్టి ఉంటే విడిపోయేదాకా బయల్దేరొద్దు. ఊళ్ల దగ్గర బైకులు, ట్రాక్టర్లు రాంగ్ రూట్లో ఎదురొస్తాయి, ముందున్నవాళ్లు గట్టిగా అరిచి చెప్పాలి.

రోడ్డు అంచున పేలిపోయిన లారీ టైర్ల ముక్కలుంటాయి. వాటిలోని సన్నటి ఇనుప తీగలు టైరులో గుచ్చుకుంటాయి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలి వైపు గుడ్డతో నెమ్మదిగా చుట్టూ తుడవండి. తీగ ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వెంట్రుకంత తీగ, కంటికి కనపడదు. దాన్ని ముళ్లు తీసే పట్టకారుతో లాగకుండా ట్యూబు మారిస్తే రెండు కిలోమీటర్లు పోకముందే మళ్లీ గాలి పోతుంది. జట్టులో అందరూ ఈ పని చేతులారా నేర్చుకుని ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జట్టు వేగం. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లు ఎంత వేగంతో వెళ్తే జట్టంతా అంతే వేగంతో వెళ్లాలి. బాగా తొక్కగలిగినవాళ్లు చివర ఉండాలి, పంపు, ట్యూబులు వాళ్ల దగ్గరే ఉండాలి. ఒకసారి మాతో వచ్చిన కుర్రాడొకడు చిట్యాల దాటగానే ఊపు మీద ముందుకు వెళ్లిపోయాడు. వాణ్ణి అందుకోవాలని మరో ఇద్దరు పరుగు. వ్యాను ముందువాళ్ల వెంట వెళ్లాలా, వెనకవాళ్ల దగ్గర ఉండాలా? నకిరేకల్ చేరేసరికి జట్టు మూడు ముక్కలైంది. వెనకబడిన ఒకామె ఎండలో ఒంటరిగా, చేతిలో నీళ్లు లేకుండా తొక్కుతూ వచ్చింది. అలా జరగనివ్వకు. నీకు గట్టిగా తొక్కే బలం ఉందని నాకు తెలుసు, అందుకే ఆ రెండు రోజులూ నువ్వే అందరికంటే వెనక ఉండు. ముందు సైకిలు వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం ఎప్పుడూ రాకూడదు, తగిలితే పడేది వెనకవాళ్లే.

ప్రాక్టీసుకు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మంచిదే. కాళ్లకు బలం వస్తుంది గానీ లారీ పక్కనుంచి పోతే తగిలే గాలి ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. అందుకని ఒక శని, ఆదివారాలు వరుసగా రెండు రోజులూ ఎనభై, తొంభై కిలోమీటర్లు అసలు రోడ్డు మీద తొక్కండి. మొదటిరోజు ఎవరైనా తొక్కుతారు, రెండోరోజు పొద్దున సీటు మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఆకలి వేయకముందే తినండి, గంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో. నీళ్లలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. మీ అత్తయ్య నీకు రాయమన్న మాట ఒకటుంది. బాత్రూం దొరకదని ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పితో కూలబడతారు. శుభ్రంగా ఉండే హోటళ్లు, పెట్రోలు బంకులు ముందే కారులో వెళ్లి చూసి, ఆగే చోట్లు అక్కడే పెట్టు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ లోపల ఇంకేమీ వేసుకోవద్దని, ఒరుసుకునేచోట వాజలిన్ రాసుకోమని కూడా చెప్పమంది.

రెండోరోజు నందిగామ దాటాక ఎండ, ట్రాఫిక్ రెండూ పెరుగుతాయి. ఇబ్రహీంపట్నంలో అందరూ చేరేదాకా ఆగి, కలిసే ఊళ్లోకి వెళ్లండి. తిరిగొచ్చిన వారంలోపు చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మొత్తం ఎంత పోగైందో, సంస్థ దేనికి వాడుతోందో రాసి పంపండి. వంద రూపాయలు ఇచ్చినవాళ్లకు కూడా.

తారీఖు ఖాయం కాగానే కబురు చెయ్యి. సైకిళ్లు గదుల్లోకి తెచ్చుకోనిచ్చే లాడ్జి సూర్యాపేటలో నేను మాట్లాడి పెడతాను. ఎంతమంది శాకాహారులో కూడా రాయి, రాత్రి భోజనం మా ఇంటినుంచే తెస్తాం.

ఇట్లు,
మీ మామయ్య